పదివేల కోకుల వంశానికి వారసుడిగా బయల్దేరి

పాపకూర

నా పేరు మీద చేతిరాతతో ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. న్యూజిలాండ్‌లోని పాపకూర అనే ఊళ్ళో మా ఫ్లాట్ పోస్టు డబ్బాలో పడేవి రెండు రకాలే. ఒకటి కరెంటు బిల్లులు, రెండోది నాకంటే ముందు ఆ ఇంట్లో ఉండి వెళ్ళిపోయిన బ్రయాన్ అనే ఎవరో ఒకాయన ఉత్తరాలు. అందుకని జూన్ మొదట్లో ఆ పల్చటి కవరు చేతికి రాగానే, ఇదీ బ్రయాన్‌దే అని పక్కన పడేశాను. కాఫీ తాగుతూ మళ్ళీ చూస్తే నా పేరే. లోపల ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు.

"రమణ-సాన్, మా ఇంటి వారసత్వం విషయం ఈ నెలలో తేల్చెయ్యాలి. అందుకు నువ్వు కావాలి. రెండు రోజులు నాకోసం పెట్టుకుని రా. పాస్‌పోర్టు మర్చిపోకు."

కింద ఫుమికో అని సంతకం. ఫుమికో గారు పద్దెనిమిదేళ్ళ క్రితం పామర్‌స్టన్ నార్త్‌లో మా ఇంటి ఓనరు. చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన కొత్తలో ఆవిడ ఇంటి వెనక గదిలో రెండేళ్ళు అద్దెకున్నాను. భర్త కివీ, అంటే ఈ దేశంవారే, ఉన్ని వ్యాపారం చేసేవారట, నేను వెళ్ళేటప్పటికే పోయారు. పిల్లల్లేరు. ఊరందరికీ ఆవిడ ఫుమికో-సాన్, అంటే ఫుమికో గారు. నాకు మాత్రం మొదటి రోజే అలవాటు కొద్దీ నోట్లోంచి "ఆంటీ" అని వచ్చేసింది. ఆవిడ కనుబొమ్మలు కొంచెం పైకి లేచాయి గానీ వద్దనలేదు.

వారసత్వం అంటే ఏమిటో చెప్పాలి. ఆంటీ ఒక జపాన్ ప్రభువంశపు ఆడపడుచు. వంశం పేరు రాయొద్దన్నారు, రాయను. సమురాయ్‌ల కాలంలో ఆ దేశమంతా రెండు వందల పైచిలుకు సంస్థానాలుగా ఉండేది. సంస్థానం ఎంత పెద్దదో ఎకరాల్లో చెప్పేవారు కాదు, అక్కడ పండే బియ్యంతో చెప్పేవారు. ఒక మనిషి ఏడాది పొడుగునా తినే బియ్యం ఒక కోకు. ప్రభువనిపించుకోవాలంటే కనీసం పదివేల కోకులు పండాలి. వీళ్ళది సరిగ్గా పదివేలు, పాస్ మార్కులన్నమాట. కోట కట్టుకునే హోదా కూడా లేదు, ప్రహరీ గోడ ఉన్న పెద్ద ఇల్లు మాత్రమే. మా నంద్యాల పక్కనే బనగానపల్లె సంస్థానం ఉండేదనీ అదీ చిన్నదేననీ నేను చెప్పినరోజు ఆంటీ మొహం విప్పారింది. "అయితే నీకు అర్థమవుతుంది. రాజ్యం చిన్నదైతే ఖర్చులు చిన్నవి కావు" అన్నారు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉండేది. వారసుడి పేరు చెప్పకుండా ప్రభువు కన్నుమూస్తే దేశాన్ని ఏలే పెద్ద సర్కారు సంస్థానం లాగేసుకునేది. కొలువులో ఉన్న వందల కుటుంబాలు ఒక్కరోజులో రోడ్డున పడేవి. అందుకని కొడుకులు లేనివాళ్ళు పెరిగి పెద్దవాళ్ళైన పరాయి మగపిల్లల్ని దత్తత తెచ్చుకునేవారు. ఈ వంశంలో పదకొండు మంది ప్రభువులుంటే అయిదుగురు దత్తులే. ఆ రెండేళ్ళూ చలికాలపు సాయంత్రాల్లో హీటరు ముందు కూర్చుని ఆ పదకొండు మంది కథలూ ఆంటీ నాకు చెప్పారు. నాకు వెళ్ళడానికి వేరే చోటు లేదు, ఆవిడకు వినేవాళ్ళు వేరే లేరు.

ఇప్పుడు చెప్పండి, వారసత్వం తేల్చాలి, నువ్వు కావాలి, పాస్‌పోర్టు తీసుకురా అని ఆవిడ రాస్తే నేనేమనుకోవాలి? ఆ సాయంత్రమే నంద్యాలలో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను. నాకు మిగిలిన సొంతమనిషి ఆమె ఒక్కతే.

"ఏందిరా నువ్వు జెప్పేది? నలభై నాలుగేండ్లోన్ని ఎవురన్నా దత్తు దీసుకుంటారా?"

"వాళ్ళలో పెద్దవాళ్ళనే తీసుకుంటారక్కా. పసిపిల్లలైతే ఎట్లాంటోళ్ళవుతారో తెలీదంట. పెద్దోళ్ళనైతే చూసి తీసుకోవచ్చంట."

"పండ్లు జూసి ఎద్దును కొన్నట్ల."

"అట్లే అనుకో."

"మరి మన గోత్రం ఏం గావాల? నాయనకు తద్దినం ఎవురు పెట్టాల?"

తద్దినం నేనెప్పుడు పెట్టాను గనక! అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.  చివరికి అక్కే, "సరే పో. యాడో ఒగచోట నీకూ ఒగ ఇల్లనేది ఉండాల గదరా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

బయల్దేరిన రోజు పొద్దున పక్క ఫ్లాట్‌లో ఉండే సతీష్ నన్ను స్టేషన్‌లో దింపాడు. కరీంనగర్ కుర్రాడు, నాలాగే చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు.

"ఏందన్నా, రెండు దినాలకు గింత పెద్ద సూట్‌కేసా?"

"పట్టు పంచె పెట్టుకున్నా."

"పంచెనా! జపనోళ్ళ తాన పంచెతోని ఏం పనే?"

"దత్తతంటే పీటల మీద కూర్చోవాలి కదా."

వాడు స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వాడు. "రాజావారూ, గాడ సెటిలైనంక మమ్ముల మర్చిపోకుండ్రి" అని సూట్‌కేసు దించి చేతికిచ్చాడు. నేనూ నవ్వాను. నిజానికి రైలెక్కేటప్పటికి నా నిర్ణయం "వద్దు" అనే. మర్యాదగా వద్దనడానికి మూడు కారణాలు వరసగా ఫోన్‌లో రాసుకున్నాను కూడా.

రైల్లో, ఒహాకునే వరకు

ఈ దారిన వెళ్ళనివాళ్ళకు చెబుతున్నాను, ఇది మన రైలు కాదు. ఎక్కేటప్పుడు తోపులాట లేదు, ఛాయ్ ఛాయ్ అని కేక లేదు, పక్కవాడు మన టిఫిన్ డబ్బాలోకి తొంగిచూడడు. చెవుల్లో పెట్టుకోవడానికి యంత్రం ఒకటిస్తారు. అందులో ఒక గొంతు కొండల పేర్లు, నదుల పేర్లు చెబుతుంటుంది. హామిల్టన్ వరకు నా ఎదురు సీటు ఖాళీ. ఏడున్నర డాలర్లు పెట్టి, ఇక్కడివాళ్ళు 'పై' అనే కీమా కూరిన రొట్టె కొనుక్కున్నాను. పద్దెనిమిదేళ్ళయినా రూపాయల్లోకి మార్చే జబ్బు పోలేదు. మూడు వందల డెబ్భై అయిదు రూపాయల కజ్జికాయ. మొదటి కొరుకుకే లోపలి వేడి రసం కొత్త చొక్కా మీద కారింది.

హామిల్టన్‌లో ఒక మావోరీ పెద్దావిడ, అంటే ఈ దేశపు మూలవాసి, ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. డెబ్భై దాటి ఉంటాయి. నా చొక్కా చూసి, సంచీలోంచి తడిగుడ్డ తీసి ఇచ్చి, "రుద్దకు, అద్దు" అన్నారు. పేరు అడిగితే, "అందరూ ఆంటీ అనే పిలుస్తారు, నువ్వూ అలాగే పిలువు" అన్నారు. వరస కలపడంలో వీళ్ళు అచ్చం మనలాంటివాళ్ళే, తెల్లవాళ్ళలా పేరుతో పిలిస్తే పిలిచినట్టుండదు. సంచీలోంచి బంగాళదుంపతో పులియబెట్టి కాల్చిన రొట్టె తీసి, వెన్న రాసి ఒక ముక్క నాకిచ్చారు. ఇడ్లీపిండి నాలుగోరోజు పులుపు ఉంది దానికి. రెండు ముక్కలు తిన్నాను.

"ఎవరింటికి ప్రయాణం?"

"ఒక జపాన్ పెద్దావిడ ఇంటికి. నన్ను దత్తత తీసుకుంటానంటారేమో అనుకుంటున్నాను." పైకి అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"నేనూ పెంపుడు బిడ్డనే. మా వాళ్ళు ఫాంగై అంటారు. మా అమ్మకు నేను ఆరోదాన్ని. పుట్టగానే తీసుకెళ్ళి అమ్మమ్మ చేతుల్లో పెట్టింది."

"బాధ అనిపించలేదా?"

"ఎందుకు? నేనెవరి బిడ్డనో ఎవరూ దాచలేదు. రెండిళ్ళలోనూ నాకు కంచం ఉండేది. ఒకరు కోప్పడితే రెండో ఇంటికి పోయేదాన్ని."

"మాలో అలా కాదాంటీ. దత్తత వెళితే పుట్టిన ఇంటి గోత్రం వదిలేసుకోవాలి."

"వదిలెయ్యమని ఆవిడ అన్నదా?"

"ఇంకా అడగనే లేదు."

"అయితే అడగనివ్వు, బాబూ. అడిగితే సరేనను. ఈ వయసులో మనం కావాలనేవాళ్ళు ఎంతమంది మిగులుతారు?"

రౌరిము దగ్గర రైలు కొండ ఎక్కలేక గుండ్రంగా చుట్టుకుంటూ పోతుంది. వెనక పెట్టెలు కిటికీలోంచి మనకే కనిపిస్తాయి. అందరూ ఫోన్లు పట్టుకుని కిటికీల మీద పడ్డారు. ఫోటో తీసి ఎవరికి పంపాలా అని ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను. నాకూ ఒకప్పుడు భార్య ఉండేది, మా పెళ్ళి మూడేళ్ళు నిలిచింది. తర్వాత ఆమె బ్రిస్బేన్ వెళ్ళిపోయి అక్కడ మళ్ళీ పెళ్ళి చేసుకుంది. తప్పు ఆమెదీ కాదు, నాదీ పెద్దగా కాదు. చివరికి సతీష్‌కు పంపాను. వాడు పనిలో ఉండి ఉంటాడు, బొటనవేలు బొమ్మ పంపాడు.

ఒహాకునేలో మంచుకొండ కనిపించేచోట ఆవిడ దిగారు. మిగిలిన రొట్టె గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టి వెళ్ళారు. రైలు కదిలాక ఫోన్ తీసి నా మూడు కారణాలు చదువుకున్నాను. ఒకటి, మతం వేరు. రెండు, భాష రాదు. మూడు, జనం ఏమనుకుంటారో. ఏ జనం? పాపకూరలో నేను ఇంటికి ఎన్నింటికి వచ్చానో అడిగే మనిషి లేడు. మూడూ చెరిపేశాను. ఆ పేరున్న ఇల్లు నాకు కావాలి, నా రాక కోసం చూసే ముసలావిడ కావాలి, నా తర్వాత ఎవరైనా నన్ను ఫలానా ఇంటివాడని చెప్పుకోవాలి. ఇన్నాళ్ళూ నాలో నేను కూడా అనుకోని మాటలవి. పామర్‌స్టన్ నార్త్ వచ్చేలోగా ఏమని ఒప్పుకోవాలో పది రకాలుగా అనుకున్నాను.

పామర్‌స్టన్ నార్త్

నన్ను తీసుకెళ్ళడానికి ఎమీ అనే ఆమె స్టేషన్‌కు వచ్చింది. నలభైకి దగ్గర వయసు, హాస్పిటల్ వంటగదిలో ఉద్యోగం, జపాన్ నుంచి వచ్చి పన్నెండేళ్ళు. ఆరేళ్ళుగా ఆంటీ ఇంట్లోనే ఉంటోందట, అదే, ఒకప్పుడు నేనున్న వెనక గదిలో. ఆంటీని కనిపెట్టుకుని ఉండే మనిషి కాబోలు, మంచిదే అనుకున్నాను. ఊరు మారలేదు. బల్లపరుపు రోడ్ల మీద సైకిళ్ళు తొక్కుతూ స్టూడెంట్లు, దూరంగా గుట్టల మీద గాలిమరలు. ఆ స్టూడెంట్లలో మనవాళ్ళ పిల్లలు కొందరు హెల్మెట్లు పెట్టుకుని, ఒక చేత్తో ఫోన్‌లో తెలుగు మాట్లాడుతూ పోతున్నారు. ఒకప్పటి నన్ను చూసినట్టే ఉంది.

ఆంటీకి ఎనభై నాలుగు. చేతికర్ర వచ్చింది, మిగతాదంతా అదే. గుమ్మంలో తల కొంచెం వంచి, "దూరం నుంచి వచ్చావు. ముందు స్నానం చెయ్" అన్నారు. అతిథికి మొదటి స్నానం వాళ్ళ మర్యాద. తొట్టినిండా పొగలు కక్కే నీళ్ళు, బయట ఒళ్ళు రుద్దుకుని కడుక్కున్నాకే అందులో దిగాలి. అదే నీళ్ళలో ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. స్టూడెంటుగా ఉన్నప్పుడు మొదటిరోజు నాకిది తెలీదు. నేను మునిగిన నీళ్ళలో పెద్దావిడ మునగడమేమిటి, ఎంగిలి నీళ్ళు కదా అని, ఎంతో మర్యాదగా తొట్టి ఖాళీ చేసి, తోమి, వచ్చాను. పాపం ఆవిడ ఆ చలిలో రెండు గంటలు కాచిన నీళ్ళు. ఏమీ అనలేదు, మర్నాడు ఒక కాగితం మీద బొమ్మ వేసి తలుపుకు అంటించారు. ఈసారి బుద్ధిగా దిగి, బుద్ధిగా లేచి, తొట్టిమీద మూత పెట్టి వచ్చాను.

భోజనానికి అన్నం, సోయా పులుసు, తియ్యగా ఉడికించిన గుమ్మడికాయ, ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి ప్లమ్ కాయ. ఆ కాయ ఒకటి నంజుకుంటే మన ఊరేసిన ఉసిరికాయ గుర్తొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. మేం తినడానికి ముందు ఎమీ చిన్న గిన్నెలో కుక్కర్ పైఅన్నం తీసి గోడలోని అల్మారా ముందు పెట్టింది. అందులో ఆంటీ భర్త ఫోటో, దాని వెనక పదకొండు నల్లటి చెక్కపలకలు. ఒక్కో పలక ఒక్కో ప్రభువు. వాళ్ళ పితృదేవతలు. మనకు ఏడాదికోసారి, వీళ్ళకు రోజూ.

తిన్నాక ఆంటీ అసలు విషయం మొదలుపెట్టారు. ఆ పాత సంస్థానం ఉన్న ఊళ్ళో ప్రభువుల సమాధులున్న గుడి ఉంది. అక్కడి పూజారి ఉత్తరం రాశాడు. ఫుమికో గారి తర్వాత సమాధుల బాధ్యత తీసుకునే వారసుడి పేరు ఈ నెలాఖరులోగా రాసివ్వాలి. ఎవరూ లేకపోతే రాళ్ళు తీసేసి, అస్థికలన్నీ దిక్కులేనివాళ్ళ గోతిలో కలిపేస్తారు.

"దిక్కులేనివాళ్ళు. ఆ మాటే వాడాడు" అన్నారు ఆంటీ. "మా నాన్న దగ్గరికి వచ్చేసరికి రాజ్యం లేదు, బిరుదు లేదు, బీమా పాలసీలు అమ్ముకుని బతికారు. అయినా ఆ పలకలు ఎవరికీ ఇవ్వలేదు. నేను ఈ దేశం వచ్చి యాభై ఏళ్ళయినా జపాన్ పౌరసత్వమూ పుట్టింటి పేరూ వదలకుండా ఉన్నది వీటి కోసమే. నాతో ఆగిపోతే నేను వాళ్ళ మొహం ఎలా చూడను?"

తర్వాత ఏడో ప్రభువు కథ మళ్ళీ చెప్పారు. పదిహేడేళ్ళకే చనిపోయాడు, వారసుడు లేడు. కొలువువాళ్ళు చావు బయటపెట్టకుండా, జబ్బుగా ఉన్నాడని కబురు పంపి, దత్తత పత్రం తయారుచేశారు. ప్రభువు బతికుండగానే ముద్ర వేశాడని చూసి చెప్పడానికి పైనుంచి ఒక అధికారి వచ్చాడు. తెర వెనక శవం. తెర ముందు అధికారి. ఆ గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదట. అధికారి పత్రం చూసి, తెర చూసి, "చూశాను" అని ఒక్క మాట అని లేచి వెళ్ళిపోయాడు. సంస్థానం నిలబడింది.

"రేపు పొద్దున తొమ్మిదింటికి సంతకాలు" అన్నారు ఆంటీ. "కొంచెం మంచి బట్టలు వేసుకో." ఇంకేం కావాలి నాకు? నా జవాబు అక్కడే చెప్పబోయాను. పెద్దవాళ్ళు నోరు తెరిచి అడగకముందే చెబితే బాగుండదని ఆగాను. అదొక్కటే ఆ రెండు రోజుల్లో నేను చేసిన తెలివైన పని.

తొమ్మిది గంటలకు

పొద్దున తల స్నానం చేసి, పట్టు పంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని, బొట్టు పెట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. పంచె కట్టి ఎన్నాళ్ళో అయింది, కుచ్చెళ్ళు నాలుగుసార్లు జారాయి. గదిలో బల్ల మీద కాగితాలు, కలం, సిరాదిండు. ఎమీ నల్ల గౌను వేసుకుని గోడకానుకుని నిలబడి ఉంది. ఎదురింటి గ్రాహమ్ అనే పెద్దాయన స్వెట్టరులో కూర్చుని ఉన్నాడు. అందరూ ఒక్కసారి నన్ను చూశారు.

"నేను టై అయినా కట్టుకోవాల్సింది" అన్నాడు గ్రాహమ్.

"చాలా బాగున్నావు, రమణ-సాన్" అన్నారు ఆంటీ, నిజంగానే.

ఆవిడ పక్కన దిండు వేసిన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. దానివైపు రెండడుగులు వేశాను. ఎమీ వచ్చి అందులో కూర్చుంది.

"నువ్వు ఇటు, గ్రాహమ్ పక్కన. సాక్షులు ఇటువైపు" అన్నారు ఆంటీ.

నేను వెళ్ళి గ్రాహమ్ పక్కన కూర్చున్నాను. అంతే జరిగింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. చెవులు మండుతున్నాయి, పంచె కుచ్చెళ్ళు ఒళ్ళో పోగుచేసుకుని పట్టుకున్నాను. జపాన్‌లో దత్తతకు హోమం లేదు, పురోహితుడు లేడు, బంధువులు లేరు. ఒక ఫారం, కింద సాక్షుల కోసం రెండు గడులు. ఆ రెండు సంతకాలుంటే ఒక మనిషి ఇల్లు మారిపోతుంది. మనకైతే ఊరంతా సాక్షే. అయిదు వందల కిలోమీటర్ల అవతల నుంచి సాక్షిని రప్పించుకోవడం అనేది నా బుర్రకు తట్టనే లేదు.

"నన్నెందుకు పిలిచారాంటీ? సంతకానికి ఈ వీధిలో ఎవరైనా దొరుకుతారు కదా" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది.

"సంతకానికి దొరుకుతారు. ఆ పదకొండు మంది ఎవరో తెలిసి సంతకం పెట్టేవాడు ఈ దేశంలో నువ్వొక్కడివే. నేను వాళ్ళ కథ ఇంకెవరికీ చెప్పలేదు, తర్వాత ఎమీకి తప్ప."

గౌరవమే. నాకూ తెలుసు. కానీ ఆ క్షణంలో ఆ గౌరవాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. నా పేరు, పుట్టినరోజు, పాపకూర చిరునామా రాసి, దేశం అన్నచోట ఒక్క నిమిషం ఆగి, న్యూజిలాండ్ అని రాసి సంతకం పెట్టాను. 

మధ్యాహ్నం ఎమీ గిన్నెలు కడుగుతుంటే నేను తుడిచాను. కోపం ఆమె మీదికి మళ్ళించుకుందామని చూశాను గానీ కుదరలేదు.

"మా వాళ్ళు ఆ సంస్థానంలో రైతులు" అంది ఎమీ. "పండినదాంట్లో సగం ఆ ఇంటికి కొలిచేవాళ్ళు. ఒక కరువు ఏడాది తగ్గించమని అడగడానికి వెళ్ళిన మా ముత్తాతల్లో ఒకాయన మళ్ళీ తిరిగి రాలేదట. ఆ ఇంటి పేరు నేను పెట్టుకుంటున్నానని మా నాన్నకు ఫోన్‌లో చెప్పాను."

"ఏమన్నారు?"

"వాళ్ళకు రోజూ అన్నం మన చేత్తోనే పెట్టాలన్నమాట, సరే పెట్టు అన్నారు." ఆమె నవ్వింది. కడిగిన గిన్నె నాకందించి, "నాకు భయంగానే ఉంది. కానీ ఆంటీ నన్ను అడిగినరోజు రాత్రంతా ఏడ్చారు. అడగడానికి ఆవిడకు మూడేళ్ళు పట్టింది" అంది. ఎమీ కూడా ఆవిడను ఆంటీ అనే అంటుందని అప్పుడే గమనించాను. బహుశా నేను పెట్టిన పేరే ఆ ఇంట్లో ఉండిపోయింది. పంచె మడిచి సూట్‌కేసు అడుగున పెట్టేశాను.

వెల్లింగ్టన్

మర్నాడు ఎమీ కారులో ముగ్గురం వెల్లింగ్టన్ వెళ్ళాం, జపాన్ రాయబార కార్యాలయంలో ఫారం ఇవ్వడానికి. రెండు గంటల దారి, సగం దూరం పక్కనే సముద్రం. వెనక సీట్లో కూర్చుని వాళ్ళిద్దరి తలలూ చూస్తూ వెళ్ళాను. వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు, నాకు అర్థం కాలేదు, చెప్పమని అడగలేదు.

బిల్డింగులోకి వెళ్ళడానికి పాస్‌పోర్టు చూపించాలి, ఉత్తరంలో మర్చిపోవద్దన్నది అందుకట. కౌంటరు వెనక అమ్మాయి ప్రతి గడీ వేలు పెట్టి చదివింది. నా సంతకం దగ్గర ఆగి, తలెత్తి నన్ను చూసి, "మీరే కదా?" అంది. నేనే అన్నాను. జపాన్‌లో వాళ్ళ ఊరి రిజిస్టరులో ఎక్కడానికి కొన్ని వారాలు పడుతుందని, ఇక్కడికి మాత్రం పని అయిపోయిందని చెప్పింది. బయటికి వస్తూ ఆంటీ లిఫ్టులో ఎమీ చెయ్యి పట్టుకున్నారు. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ ఎవరి చెయ్యి పట్టుకోవడమూ నేను చూడలేదు.

ఎమీ కారు తేవడానికి పార్కింగ్‌కు వెళ్ళింది. ఆంటీ, నేను బస్టాపు బెంచీ మీద కూర్చున్నాం. వెల్లింగ్టన్ గాలి సంగతి అక్కడికి వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది, అద్దాల షెల్టరులో కూర్చున్నా కోటు గుండీల్లోంచి లోపలికి దూరిపోతుంది. ఆంటీ మొహంలో అంత ప్రశాంతత నేనెప్పుడూ చూడలేదు. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. పాపకూర దాకా నా ఆశాభంగాన్ని మోసుకుపోయి, ఇంట్లో పెట్టుకుని, మెల్లగా మర్చిపోవచ్చు. కానీ ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పలేనని తోచింది.

"ఆంటీ, మీ ఉత్తరం చూసి మీరు నన్ను దత్తత అడుగుతారనుకున్నాను."

ఆవిడ తల తిప్పి నన్ను చూశారు. "అడిగి ఉంటే ఏం చెప్పేవాడివి?"

"రైలెక్కేటప్పుడు వద్దని. దిగేటప్పటికి సరేనని."

ఆవిడ చేతికర్రను రెండు చేతులతో పట్టుకున్నారు. తర్వాత, "నాకు ఆ ఆలోచనే రాలేదు, రమణ-సాన్" అన్నారు. మెత్తగా చెప్పాలని చూడలేదు, అబద్ధం చెప్పాలనీ చూడలేదు.

"పర్వాలేదాంటీ" అన్నాను. చాలా పర్వా ఉంది. కళ్ళు తుడుచుకుంటే కనిపిస్తుందని గాలికి మొహం పెట్టి కూర్చున్నాను.

అప్పుడు ఆవిడ చేతికర్ర బెంచీకి ఆనించి లేచారు. నా ఎదురుగా వచ్చి నిలబడి, రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని, నడుము వంచడం మొదలుపెట్టారు. వాళ్ళు క్షమాపణ అలా చెబుతారు, ఎంత కిందికి వంగితే అంత పెద్ద తప్పు ఒప్పుకున్నట్టు. పదకొండు మంది ప్రభువుల ఇంటి ఆడపడుచు నడిరోడ్డు మీద, బస్టాపులో, నాకు వంగుతున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు వంగడమన్నది లేదు, వంగితే చిన్నవాళ్ళకు ఆయుష్షు తగ్గుతుందంటారు. "అయ్యయ్యో, వద్దు, వద్దు" అని తెలుగులో అరుస్తూ లేచి రెండు భుజాలూ పట్టుకుని ఆపాను. ఆ గాలికి ఆవిడ తూలి నా మీదికి వాలారు.

పద్దెనిమిదేళ్ళలో ఆవిడను నేను తాకడం అదే మొదటిసారి. వాళ్ళలో అలవాటు లేదు, నాకు ధైర్యం లేదు. కోటు లోపల మనిషి ఉన్నట్టే లేరు, అంత తేలిక. సర్దుకుని వెనక్కి జరుగుతారని చేతులు కొంచెం వదులు చేశాను. ఆవిడ జరగలేదు. నుదురు నా ఛాతీకి ఆనించి అలాగే నిలబడ్డారు. బస్సొకటి వచ్చి ఆగింది, డ్రైవరు మమ్మల్ని కాసేపు చూసి, తలుపులు మూసుకుని వెళ్ళిపోయాడు. ఎమీ కారు వచ్చేదాకా నేను ఆవిడను పట్టుకునే ఉన్నాను.